బొక్కల సంచి

ఎంబీబీఎస్‌లో సీటొచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే, అందరికంటే ముందు భయపడిందీ నేనే. సీటు జిల్లాలోనే, సర్కారు కాలేజీలో. ఆర్మూర్‌లో పొద్దున బస్సెక్కితే గంటలో దిగొచ్చు, హాస్టల్ బాధ లేదు. క్లాసులు మొదలవడానికి మూడు వారాలకు పైనే టైముంది. ఇంకెవరైనా అయితే ఆ మూడు వారాలూ కాళ్ళు చాపుకుని నిద్రపోయేవాళ్ళు. నేను చదవడం మొదలుపెట్టాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన దాన్ని. ఇంటర్లో మొదటి మూడు నెలలు, నవ్వుతారేమోనని క్లాసులో నోరు తెరవకుండా కూర్చున్న దాన్ని. అలాంటి మూడు నెలలు నా జన్మలో మళ్ళీ రాకూడదని గట్టిగా అనుకున్నాను.

మా ఇంటికి రెండు గల్లీల అవతల ఒక అక్క ఉంది. అదే కాలేజీలో మొదటి ఏడాది పూర్తి చేసింది. వాళ్ళింట్లో ఉర్దూ, బయట తెలుగు, నాతో మాట్లాడేటప్పుడు రెండూ. మొదటి నెలంతా ఎముకల మీదే ప్రశ్నలు అడుగుతారని, పుస్తకంలో బొమ్మలు చూసి చదివితే ఒక్కటీ గుర్తుండదని, చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూడాలని చెప్పి తన బోన్ సెట్టు నాకిచ్చింది. తల నుంచి పాదం దాకా ఒక పక్క ఎముకలన్నీ ఉన్న సంచి అది. చేతి వేళ్ళవీ కాలి వేళ్ళవీ తీగకు గుచ్చి ఉన్నాయి. ప్రతి ఎముక మీదా ఎర్ర రంగుతో, నీలం రంగుతో చిన్న చిన్న గీతలు. ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో చెప్పే గుర్తులవి, అక్క ఏడాది కష్టం. వచ్చే ఏడాది ఇంకో అమ్మాయికి ఇస్తానని ఆమె అప్పటికే మాట ఇచ్చేసింది. ఒక్క ముక్క పోకుండా తిరిగి ఇవ్వాలని, తడి మాత్రం అస్సలు తగలనియ్యొద్దని పదిసార్లు చెప్పింది. నేను పదిసార్లూ సరేనన్నాను.

అది రెగ్జిన్ సంచి, పెద్ద జిప్పుది. భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను. వసారాలో అమ్మ, బాపమ్మ బీడీలు చేస్తున్నారు. బాపమ్మంటే మా బాపు వాళ్ళమ్మ, నాన్నమ్మ. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెను ఆ చాట లేకుండా చూసింది తక్కువ. ఏం తెచ్చావని అడిగింది. నాకు సహజంగానే గొప్పలెక్కువ. జిప్పు లాగి పుర్రె తీసి చూపించాను.

అమ్మ చాట పక్కన పెట్టి వెనక్కి జరిగింది. బాపమ్మ మాత్రం చేతిలోని కత్తెర కింద పెట్టి, దాని వంక చాలాసేపు చూసింది.

"గియ్యి ఎవలియి బిడ్డా?"

బోన్ సెట్టు బాపమ్మా, చదువుకోవడానికి, అన్నాను.

"సెట్టు గాదు. ఎవలియి అని అడుగుతున్న."

అవి ఎవరివో చెప్పే జవాబు నా దగ్గర లేదు. అక్క దగ్గర కూడా ఉండదు. కాలేజీలో ఎవరి దగ్గరా ఉండదు. ఆ ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా నాకు అప్పటిదాకా తట్టలేదు.

బాపమ్మ ఎందుకు అడిగిందో చెప్పాలి. మా దిక్కు గోదావరిని గంగ అనే అంటాం, ఎముకలను బొక్కలనే అంటాం. మా ఇళ్ళలో ఎవరైనా పోతే కాలుస్తాం, మూడోనాడు బొక్కలు ఏరి గంగలో కలుపుతాం. అప్పుడే పోయినవాళ్ళు నిజంగా పోయినట్టు, అప్పుడే ఇంట్లోవాళ్ళు అన్నం సరిగ్గా తింటారు. మా తాత మాత్రం మస్కట్ వెళ్ళి ఇళ్ళు కట్టే పనిలో ఉండి, రెండో ఏడాది అక్కడే జ్వరంతో పోయాడు. అప్పటికి మా బాపుకు మూడేళ్ళు, బాపమ్మకు ఇరవై దాటి ఉంటాయేమో. ఉత్తరం వచ్చేసరికే అక్కడి మట్టిలో పూడ్చిపెట్టారు. తెచ్చి గంగలో కలపడానికి ఏమీ లేదు. ఆ సంగతి ఇంట్లో దాచిపెట్టే విషయం కాదు, తీరిగ్గా మాట్లాడుకునే విషయమూ కాదు. పండుగ వస్తే బాపమ్మ ఎటో చూస్తుంది, అంతే.

"నా ఇంటాయన బొక్కలే గంగల కలవలే. ఎవలియో బొక్కలు తెచ్చి ఇంట్ల వెట్టుకుందమంటవా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు.

సాయంత్రం బాపు వచ్చి రాజీ చేశాడు. బాపుది ట్రాలీ ఆటో. గోదాముల నుంచి మార్కెట్‌కు పసుపు బస్తాలు తోలుతాడు. ఆయన చొక్కాలు ఎన్ని ఉతుకులు ఉతికినా పచ్చగానే ఉంటాయి. మిద్దె మీద ఖాళీ బస్తాలు పెట్టుకునే రేకుల గది ఒకటుంది. అది ఇంట్లోకి రాదని బాపు, ఇంటి మీదే గదా అని బాపమ్మ, ఇంటి మీదకు వేరే మెట్లున్నాయి గదా అని బాపు. చివరికి సంచి మిద్దెక్కింది. మర్నాటి నుంచి నేనూ ఎక్కాను. పసుపు ఘాటుకు రోజూ తుమ్ములే. పుస్తకంలో ఏ పేజీ తిప్పినా నా బొటనవేలి ముద్ర పచ్చగా పడేది.

రెండో రోజు బాపమ్మ చాట పట్టుకుని పైకొచ్చింది. కింద గాలి ఆడట్లేదంది. కింద ఫ్యాను తిరుగుతూనే ఉంది. గది గుమ్మానికి వీపు పెట్టి, లోపలికి చూడకుండా కూర్చుని బీడీలు చుట్టుకుంది. నేను గట్టిగా బట్టీ పడుతుంటే, ఎవరినో తిడుతున్నట్టుంది నీ చదువు అంది. నిజమే, ఆ లాటిన్ మాటలు నా నోట్లో తిట్లలాగే పలికేవి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కొద్దు మొర్రో అని అమ్మ మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. నన్ను ఒంటరిగా వాటి దగ్గర వదలడం ఆమెకు ఇష్టం లేదు. నన్ను చూసి వాటికి కాపలానో, వాటిని చూసి నాకు కాపలానో ఇప్పటికీ తెలియదు. ఆ రోజుల్లో ఆమె మీద నాకున్నంత ప్రేమ, విసుగు రెండూ ఒకేసారి ఇంకెవరి మీదా లేవు.

నాలుగో రోజు, వీపు తిప్పుకునే, ఆడమనిషా మగమనిషా అని అడిగింది. ఈసారి నా దగ్గర జవాబుంది. తుంటి ఎముక తీశాను. దాని వెనకవైపు ఒక వంపు ఉంటుంది. అందులో బొటనవేలు పెడితే అటూ ఇటూ ఆడాలి, ఆడితే ఆడమనిషి. ఆడింది. ఆడమనిషే బాపమ్మా, అని పెద్ద డాక్టరులాగే చెప్పాను.

ఆ రోజు నుంచి సంచి 'ఆమె' అయింది. ఆమెకు ఎండ తగుల్తున్నది, ఇటు జరుపు. ఆమెను ఉత్త నేల మీద పెట్టకు. తన పాత నూలు చీర ఒకటి తెచ్చి పరవమని ఇచ్చింది. గది గుమ్మానికి ఇంత పసుపు రాసి బొట్టు పెట్టింది. పెండ్లి అయ్యి ఉంటదా, పిల్లలు ఉండి ఉంటరా అని అడిగేది. పుస్తకంలో అది ఉండదని చెప్పాను. అంత లావు పుస్తకంలో అది కూడా లేదా అని ఆశ్చర్యపోయింది. మధ్యాహ్నం నాకు సర్వపిండి చేసి తెచ్చినప్పుడు ముందు ఒక ముక్క తుంచి గోడ మీద కాకికి పెట్టేది. చెప్పకపోయినా అది 'ఆమె'కేనని నాకు తెలుసు. ఎవరో ఒక మనిషని తెలిసేసరికి బాపమ్మకు నిమ్మళమయింది. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది.

దాన్ని చెడగొట్టింది నేనే. అక్కకు ఫోన్ చేసి, తుంటి ఎముక చూసి ఆడో మగో చెప్పేశానని గొప్పలు పోయాను. అక్క నవ్వి, ఈ సెట్లు ఒక మనిషివి కావని చెప్పింది. ఎక్కడెక్కడివో కలిపి సంచి నింపుతారట. తొడ ఎముక పొడుగు చూస్తే అది కచ్చితంగా మగవాడిదే అయి ఉంటుందంది. వెన్నుపూసలు ఇంకెవరివో. వెళ్ళి చూసుకున్నాను. నిజమే, తొడ ఎముక తల ఆ తుంటి గుంటలో పట్టనే పట్టట్లేదు. అయిదు రోజులుగా రోజూ చూస్తూ ఆ మాత్రం గమనించలేదే అని సిగ్గేసింది. ఆ సిగ్గును అక్కడే మింగి ఊరుకోవచ్చు కదా. పరీక్షలో తప్పు రాసిన జవాబు దిద్దుకున్నట్టు, కిందికి ఉరికి బాపమ్మకు చెప్పేశాను, ఆమె ఒక్కామె కాదు, ముగ్గురు, నలుగురు కూడా కావొచ్చని.

చుడుతున్న బీడీ సగంలో ఆపేసింది. వీళ్ళలో ఒక్కరికైనా ఎవరైనా నీళ్ళు వదిలి ఉంటారా అని అడిగింది. నాకేం తెలుసు బాపమ్మా, అవి చదువుకోవడానికి, నా తల తినకు, అని విసుక్కున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా మొహాన నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత ఆమె మిద్దె మీదకు రాలేదు.

రెండు రోజులకు పెత్రమాస. పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. పొద్దున్నే బాపు తలస్నానం చేసి, బియ్యం, పప్పు, కూరగాయలు తాత పేరు మీద అయ్యగారికి ఇచ్చి రావడానికి వెళ్ళాడు. సాయంత్రం ఎంగిలి పూల బతుకమ్మ కాబట్టి అమ్మ గునుగు పూలు, తంగేడు పూలు ముందేసుకుని కూర్చుంది. నేను తెల్లకోటు కోసం దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఇద్దరు పట్టేంత వదులుగా కుట్టాడు, వాడితో గొడవపెట్టుకుని ఇంటికొచ్చేసరికి పదకొండయింది. మిద్దెక్కి చూస్తే గదిలో సంచి లేదు. కింద పరిచిన పాత చీర మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది.

దొంగలు పడ్డారని అరిచాను. అమ్మ వచ్చింది, పక్కింటి ఖాలా వచ్చింది. మీ బాపమ్మ భుజాన సంచి వేసుకుని పెర్కిట్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడిందని ఖాలా చెప్పింది. ఎక్కడికి అమ్మా అని అడిగితే గంగకు అందట. పెత్రమాస గదా, స్నానానికేమో అనుకున్నానని ఖాలా అంది.

గంగకు బొక్కల సంచితో ఎవరైనా ఎందుకు వెళ్తారో మా ఊళ్ళో చిన్నపిల్లలను అడిగినా చెప్తారు. అక్కకు ఏం చెప్పాలి? ఎముకలు లేకుండా కాలేజీలో నెలంతా మళ్ళీ నోరు మూసుకుని కూర్చోవాలా? బాపు రాగానే ట్రాలీ ఆటో వెనక ఎక్కి, దారి పొడవునా ఇవే చెప్పి ఏడ్చాను. హైవే మీద లారీల మోతలో నా ఏడుపు ఎంత వినిపించిందో తెలియదు. బాల్కొండ దాటాక బాపు బండి పక్కకు ఆపాడు.

"నువ్వు బొక్కలు పోయినయని ఏడుస్తున్నవు. నేను మా అమ్మ కోసం పోతున్న," అన్నాడు. "మోకాళ్ళు వంగయి ఆమెకు. పోచంపాడు డ్యాం నిండుగున్నది. మెట్ల మీద పాకురు ఉంటది."

అంతే అన్నాడు, మళ్ళీ బండి తీశాడు. మిగిలిన పది కిలోమీటర్లూ నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, ఒక్క మొక్కులో కూడా సంచి లేదు.

పోచంపాడు దగ్గర గంగ ఒడ్డున మెట్ల నిండా జనం. నువ్వులు, పిండాలు, అరిటాకులు, తడి పంచెలు. ఆ చివర, జనానికి కొంచెం దూరంగా బాపమ్మ కూర్చుని ఉంది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి, సంచి ఒళ్ళో ఉంది. జిప్పు వేసే ఉంది.

బాపు ఆమె పక్కన కూలబడ్డాడు. నేను తిడదామనే నోరు తెరిచాను, కానీ ఏడుపొచ్చింది. ఆమె నన్ను చూసి తప్పు చేసినదానిలా సంచి నా వైపు జరిపి, జరిగింది చెప్పింది. ఒడ్డున పిండాలు పెట్టించే అయ్యగారి దగ్గరికి వెళ్ళి, బొక్కలు గంగలో ముంచి నీళ్ళు వదలాలని అడిగిందట. పేరు, గోత్రం చెప్పమ్మా అన్నాడట. తెలియదంది. గోత్రం తెలియకపోయినా ఏదో చేద్దాం, పేరైనా లేకుండా ఎవరికని నీళ్ళు వదలాలమ్మా అని ఆయన మెల్లగానే అన్నాడట. ఆమెకు ఆయన మాట సబబుగానే తోచింది. అప్పటి నుంచి అలాగే కూర్చుంది.

"పేరు వెట్టి పిలువకుంట ఎట్ల తోలియ్యాలె బిడ్డా? ఉత్తగ పారేసినట్టయితది," అంది. "నీకు దొర్కకుంట చేద్దామని గాదు. ఒక్కపారి గంగ తలిగితే సాలనుకున్న."

నా దగ్గర పేర్లున్నాయని చెప్పాను. మనుషుల పేర్లు కావు, అవి నాకే కాదు ఎవరికీ తెలియవు, బొక్కల పేర్లు.

"బొక్కలనే గద తెచ్చింది. చెప్పు," అంది.

తడి తగలనియ్యొద్దన్న అక్క మాట గుర్తు రాకపోలేదు. గీతలు పోతే మళ్ళీ గీసుకోవచ్చనుకున్నాను. సగం పోయాయి కూడా. తర్వాత వారం రోజులు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే గీశాను, అక్కకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె తిట్టాల్సినంత తిట్టి, ఆఖర్లో బాపమ్మ ఎలా ఉందని అడిగింది. అదంతా తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం సంచి విప్పి పై మెట్టు మీద కూర్చున్నాను. నేను ఒక్కొక్కటే తీసి పేరు చెప్పి ఇస్తే, బాపమ్మ రెండు చేతులతో అందుకుని, గంగలో ముంచి, బాపు చేతికిచ్చేది. బాపు తువ్వాలతో తుడిచేవాడు. క్లావికిల్. స్కాపులా. హ్యూమరస్. నాకు తిట్లలా వినిపించిన మాటలు అక్కడ అలా వినిపించలేదు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. టిబియా చెప్పాను, సన్నటి దాని పేరు ఎంతకీ నోటికి రాలేదు. బాపమ్మ చేతులు చాపి అలాగే ఉంచింది.

"యాద్జేసుకో. తొందరేం లేదు," అంది.

ఫిబులా. వచ్చింది. ఆ తర్వాత కాలేజీలో ఎన్నో ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పాను గానీ, అంత ఓపికగా ఎవరూ ఆగలేదు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాను. పుర్రె చివర. దాన్ని ముంచేటప్పుడు ఆమె చిన్నపిల్లకు తలంటుతున్నట్టు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఏ ఒక్కటీ పోలేదు. అన్నీ సంచిలో సర్ది జిప్పు వేశాను. బాపు లేచి, పోదాం పా అమ్మా అని చెయ్యి అందించాడు.

ఆమె లేవలేదు. వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని అలాగే పట్టుకుంది. ఆ దోసిట్లో ఏ బొక్కా లేదు. బాపు వంక చూసింది, నా వంక చూసింది. మొగుడి పేరు పలకకూడదు అనుకునే కాలం మనిషి. పింఛను కాగితం మీద రాయించాల్సి వచ్చినా పక్కవాళ్ళ చేత చెప్పించేది తప్ప, ఆ పేరు ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు.

"మీ తాత పేరు చెప్పు బిడ్డా," అంది.

బాపు చెప్పబోయి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నేను చెప్పాను. ఆమె దోసిలి మెల్లగా వంచింది. నీళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి. మళ్ళీ దోసిలి నింపుకుంది.

"ఇంకోపారి," అంది.

చెప్పాను.